ఆదివారం సంతకం

జూన్ 23, 2025, సోమవారం. గుంటూరు

కౌన్సెలింగ్‌కి కొత్త కేసు. పేరు, కాలనీ, స్టేషను ఇక్కడ కూడా రాయను. నోటుబుక్కులు చేతులు మారుతుంటాయి.

మిర్చి యార్డులో హమాలీ. ముప్పై దాటిన వయసు. ఎరుకలవాళ్ళు. మార్చిలో పక్క ఊళ్ళో ఎవరింట్లోనో బంగారం పోతే, ఆ నెల్లోనే ఒక గురువారం రాత్రి కాలనీ మీద పడి నలుగురు మగాళ్ళని జీపెక్కించారు. ముగ్గుర్ని మర్నాడు వదిలేశారు. ఇతన్ని మాత్రం ఆదివారం అరెస్టు చేసినట్టు చూపించారు. గురువారం రాత్రికీ ఆదివారానికీ మధ్య ఇతనెక్కడున్నాడో ఏ కాగితమూ చెప్పదు. తండ్రి పేరున ఎప్పటిదో సస్పెక్ట్ షీటు ఉందట. తండ్రి పోయి ఏళ్ళయింది. కొడుక్కి దక్కిన ఆస్తి ఆ షీటే.

మాట్లాడిందంతా భార్య. అతను కుర్చీ చూపిస్తే కూర్చోలా, గోడకి ఆనుకోలా కూడా, గది మధ్యలో నిలబడ్డాడు. స్టేషన్లో గంటలకొద్దీ గోడకుర్చీ వేయించారని ఆమె చెప్పాక అర్థమైంది. నిద్ర లేదు. సెలవులయ్యి యార్డు తెరిచినా పనిలోకి పోలేదు. రోడ్డు మీద వెనక ఎవరైనా నడిచొస్తుంటే ఆగిపోయి, వాళ్ళు దాటిపోయాకే అడుగేస్తాడట.

"కాలనీలో మా ఆయనకి పిచ్చి పట్టిందంటున్నారు మేడం."

"పిచ్చి కాదమ్మా, దెబ్బ" అన్నాను. అతను తలెత్తి చూసింది అప్పుడే.

బెయిలు షరతు: ప్రతి ఆదివారం పదింటికీ అయిదింటికీ మధ్య అదే స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి. మా కేస్ షీటులో లక్షణాలకి గడి ఉంది, కుటుంబ చరిత్రకి ఉంది, మందులకి ఉంది. దీనికి లేదు. 'ఇతర వివరాలు' అన్నచోట రాశాను.

జూన్ 26, గురువారం

చిత్రహింసల బాధితులకు అండగా ఐక్యరాజ్యసమితి పెట్టిన రోజు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం 1987లో ఇదే తేదీన అమల్లోకొచ్చింది. సాయంత్రం ఒక హాల్లో సభ. వక్తలు ఎక్కువ, ఫ్యాన్లు తక్కువ.

ఆ ఒప్పందం మీద మన దేశం 1997 అక్టోబరు 14న సంతకం చేసింది. ధ్రువీకరించడం ఇంతవరకూ లేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదిస్తే రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది, ఆ తర్వాత అది చట్టం కాకుండానే కాలం చేసింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో మళ్ళీ ఒక ముసాయిదా రాసిచ్చింది. ఒక్కసారి సంతకం పెట్టి దేశం ఇరవయ్యేడేళ్ళుగా ఊరుకుంది. మా హమాలీకి ఆ సౌకర్యం లేదు.

ఒక పెద్ద లాయరుగారు మాత్రం పనికొచ్చే మాట చెప్పారు: చట్టం లేక కాదు కొడుతున్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద వేసిన కమిషన్ 1855లోనే నివేదిక ఇచ్చింది. గుంటూరు, నెల్లూరు, రాజమండ్రి అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే. వేళ్ళని చెక్కల మధ్య బిగించే కిట్టీ, మనిషిని వంచి మెడని కాళ్ళకి కలిపి కట్టే అనుందాలు ఆ నివేదికకెక్కాయి. శిస్తు రాబట్టడానికీ అవే, దొంగతనం ఒప్పించడానికీ అవే. అయిదేళ్ళ తర్వాత వచ్చిన పీనల్ కోడ్‌లో 330వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే, నేరం ఒప్పుకోమని మనిషిని హింసించే పోలీసు అధికారి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్. ఇంటికొచ్చి పుస్తకం తీసి చూశాను. కోడ్ పేరు మారింది, సెక్షన్ నంబరు మారింది, ఉదాహరణ మారలేదు.

జూలై 3, గురువారం

భయం ముంచుకొచ్చినప్పుడు మనిషిని ఈ గదిలోకి, ఈ నిమిషంలోకి తీసుకురావడానికి మాకు నేర్పే మొదటి అభ్యాసం పాదాలది. చెప్పులు విప్పండి, పాదాలు రెండూ నేలకి ఆనించండి, నేల ఎంత చల్లగా ఉందో గమనించండి అంటాం. ఇతనికి ఆ మాట చెప్పడానికి వీల్లేదు. కొట్టింది అరికాళ్ళ మీదే.

అరికాలి దెబ్బ తెలివైన దెబ్బ. కొన్నాళ్ళకి వాపు తీస్తుంది, కమిలిన రంగు పోతుంది. లోపల మడమ కింది మెత్తదనం చితికితే మాత్రం ఏళ్ళ తరబడి నడకలో నొప్పి ఉంటుంది. చిత్రహింసల గుర్తుల్ని వైద్యులు ఎలా పరీక్షించి నమోదు చేయాలో చెప్పే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ దీని గురించి విడిగా రాసింది. 1999లో తయారైన ఆ మార్గదర్శిని 2022లో సవరించారు. మన వైద్య విద్యార్థుల్లో ఎందరు దాన్ని చూసి ఉంటారో!

చేతులతో మొదలుపెట్టాం. మిర్చి టిక్కీ (బస్తా) ఎత్తేముందు నెత్తికి తుండు ఎలా చుడతారో చూపించమన్నాను. చూపించాడు. నాకు చుట్టడం రాకపోతే నవ్వాడు. దడ మొదలైనప్పుడు ఏం చేయాలో అదే అనుకున్నాం: భుజం మీది తుండు తీసి, దులిపి, మడతపెట్టి, నిదానంగా చుట్టడం. దాని నేత, ఉప్పు వాసన, ముడి బిగుతు గమనించడం. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, కానీ అతని చేతులకి పదిహేనేళ్ళుగా తెలిసిన పని.

నలభై కిలోల పైబడిన టిక్కీతో లారీకి వేసిన చెక్క మీదుగా ఎక్కాలంటే అరికాలే ఆధారం. నొప్పితో కూలి పోయింది. కూలి పోయి అప్పు వచ్చింది. అప్పిచ్చినవాడు రాత్రిపూట తలుపు కొడితే ఇతనికి మళ్ళీ జీపు వచ్చినట్టే. ఇందులో మనసు ఎక్కడ ఆగిందో, కాలు ఎక్కడ మొదలైందో విడదీయడం నావల్ల కాదు. ఫిజియోథెరపిస్టుకి చీటీ రాశాను. మెత్తటి అట్టలున్న చెప్పులు కొని సంస్థ ఖాతాలో 'కౌన్సెలింగ్ సామగ్రి' అని పద్దు రాశాం. ఆడిటరు అడిగితే అడగనీ.

జూలై 7, సోమవారం

పొద్దున్నే భార్య ఫోన్. రాత్రంతా పెరట్లో కూర్చున్నాడట. నిన్న ఆదివారం.

ఆమె చెప్పిన వరస రాసిపెట్టుకుంటున్నాను. శనివారం సాయంత్రం నుంచి అన్నం దిగదు. ఆదివారం పొద్దున వాంతి. స్టేషన్‌కి పోతే రైటరు లేడంటారు, నేల మీద కూర్చోమంటారు. ఒక్కోసారి మూడు గంటలవరకూ. ఎవరూ చెయ్యి చేసుకోరు. కొట్టినవాళ్ళలో ఒకతను అటూ ఇటూ తిరుగుతూ "ఏరా, బాగున్నావా?" అని పలకరిస్తాడు. అంతే. ఆ పలకరింపు తర్వాత బుధవారందాకా మనిషి మనిషి కాదు. గురువారం నా దగ్గరికొస్తాడు. శుక్రవారం కాస్త తేరుకుంటాడు. శనివారం సాయంత్రం మళ్ళీ మొదలు.

జూడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకం మా చదువులో అందరూ చదివేదే. కోలుకోవడంలో మొదటి మెట్టు భద్రత అంటుందావిడ. ముందు మనిషి క్షేమంగా ఉండాలి, జ్ఞాపకాల జోలికి పోవడం ఆ తర్వాతే. మాకున్న పద్ధతులన్నీ, ప్రమాదం జరిగిపోయింది, ఇప్పుడు లేదు అన్న లెక్క మీద కట్టినవి. 'అది అప్పుడు, ఇది ఇప్పుడు' అని నేర్పిస్తాం. ఇతనితో ఆ మాట ఏ నోటితో అనాలి? అదే గది, అదే మనిషి, అదే రిజిస్టరు. ఇతని భయం జబ్బు కాదు, సరైన అంచనా.

ఊపిరి పీల్చే అభ్యాసాలు ఇంకా గట్టిగా నేర్పొచ్చు. శనివారం రాత్రికి మాత్ర రాయించొచ్చు. రెండూ చేస్తాం. కానీ ఇతనికి కావలసిన మొదటి మందు మెజిస్ట్రేటు రాయాల్సినది. అతని కేసు చూస్తున్న లాయరమ్మకి ఫోన్ చేశాను: షరతు మార్చమని పిటిషన్ వేద్దాం, నా రిపోర్టు జతచేస్తాను.

జూలై 13, ఆదివారం

లాయరమ్మ ఇంటికొచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్లో ఉంది, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఎస్టీలకీ, ఆడవాళ్ళకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ 1987 చట్టం కింద లాయరు ఉచితం. ఆ సంగతి కాలనీలో తెలిసినవాళ్ళు లేరు. చెప్పాల్సినవాళ్ళు చెప్పరు.

ఇద్దరం కాఫీ చల్లారేదాకా వాదించుకున్నాం. ఆమెకి తేదీ, టైము, ఎవరు, దేంతో అన్న నాలుగూ వరసలో కావాలి. "క్రాస్‌లో ఎదుటి లాయరు చీల్చేస్తాడక్కా" అంటుంది. నా దగ్గర ఉన్నది వరస లేని సరుకు. అతనికి ట్యూబ్‌లైటు చిటచిటలాడటం గుర్తుంది. ఎవరో పక్కగదిలో టిఫిన్ తింటుంటే వచ్చిన అల్లప్పచ్చడి వాసన గుర్తుంది. బెల్టు శుక్రవారమా శనివారమా గుర్తులేదు. ఒకసారి ముగ్గురన్నాడు, ఇంకోసారి నలుగురన్నాడు. దెబ్బలు తిన్న జ్ఞాపకం ఇలాగే ఉంటుంది, కోర్టులో దాన్నే అబద్ధమంటారు. చెప్పినదాంట్లో పొంతన తప్పినంత మాత్రాన కట్టుకథ అనుకోకూడదని ఇస్తాంబుల్ ప్రోటోకాల్ వైద్యుల్ని హెచ్చరిస్తుంది. మన కోర్టు హాళ్ళలో ఆ హెచ్చరిక వినేవాళ్ళు తక్కువ.

చివరికి ఇద్దరికీ పనికొచ్చే దారి చిలీ నుంచి దొరికింది. పినోషే పాలనలో ఎలిజబెత్ లీరా, యుహేనియా వైన్‌స్టైన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు, హింసలు పడినవాళ్ళ వాంగ్మూలం రాయడమే చికిత్సగా చేశారు. 1983లో ఆ పద్ధతి మీద రాసిన వ్యాసాన్ని మారుపేర్లతో అచ్చువేసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర వారణాసిలో లెనిన్ రఘువంశీ వాళ్ళ సంస్థ, డెన్మార్క్ నుంచి వచ్చిన ఇంగర్ ఆగర్‌తో కలిసి, పోలీసు దెబ్బలు తిన్న పల్లెజనంతో ఈ పద్ధతే నడిపింది. మనిషి చెబుతాడు, మనం అతని మాటల్లోనే రాస్తాం, తర్వాతిసారి చదివి వినిపిస్తాం. అతను దిద్దుతాడు, చేరుస్తాడు, కొట్టేయమంటాడు. పూర్తయ్యాక తనవాళ్ళ మధ్య చదివి, గౌరవంగా చేతికిస్తారు. సిగ్గుపడాల్సింది తాను కాదని అప్పటికి మనిషికి తెలుస్తుంది, కేసుకి కాగితం కూడా మిగులుతుంది.

మొదటి విడత గురువారమే రాశాం. రిమాండ్ సంగతి. జైలుకి పంపేముందు డాక్టరు "దెబ్బలేమైనా ఉన్నాయా?" అని కాగితంలోంచి తలెత్తకుండా అడిగాడట. చెయ్యి పట్టుకున్న కానిస్టేబుల్ పక్కనే ఉన్నాడు. "లేవన్నాను." మెజిస్ట్రేటుగారు కూడా అడిగారట, పోలీసులు కొట్టారా అని. "కొట్టలా అని చెప్పాను మేడం. ఆయన ఇంటికి పోతాడు, నేను మళ్ళీ వాళ్ళ జీపే ఎక్కాలి గదా."

అరెస్టు పత్రం మీద సాక్షి సంతకం, బంధువులకి కబురు, కస్టడీలో ప్రతి 48 గంటలకీ వైద్యపరీక్ష అని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఇప్పటి చట్టంలోనూ అరెస్టయిన వెంటనే వైద్యపరీక్ష చేయాలనే ఉంది. ఇతని విషయంలో పరీక్ష జరిగింది కూడా. పోలీసు గది బయట నిలబడితే చాలు, ఆ డాక్టరు ప్రశ్నకి జవాబు మారేది.

జూలై 24, గురువారం

పిల్లాడి సంగతి ఇవాళ బయటపడింది. నాలుగేళ్ళు. అంగన్‌వాడీ మానిపించి జూన్‌లో చిన్న బడిలో వేశారు, రోజూ ఆటో దగ్గర యుద్ధం. మొండితనమని వాళ్ళ నానమ్మ రెండు తగిలిస్తోంది. నేను ఆటో ఎలా ఉంటుందని అడిగాను, డ్రైవరు ఎలా ఉంటాడని అడిగాను. ఖాకీ చొక్కా వేసుకుంటాడు. ఆ రాత్రి వాడు తండ్రి పక్కలోనే పడుకుని ఉన్నాడు.

డ్రైవరుతో ఫోన్లో మాట్లాడాను. మంచివాడు. "చొక్కా లేకపోతే ఆర్టీఏవాళ్ళు ఫైన్ వేస్తారండీ" అన్నాడు, తర్వాత తనే ఆలోచించి, పిల్లాణ్ణి ఎక్కించేటప్పుడు పైన వాళ్ళమ్మాయి స్వెట్టరు వేసుకుంటానన్నాడు. జూలైలో గుంటూరులో స్వెట్టరు!

భార్య ఇన్నాళ్ళకి తన గురించి మాట్లాడింది. ఆ నాలుగు రోజులూ స్టేషను ఎదురుగా చెట్టు కింద కూర్చుంది. లోపలి అరుపుల్లో మొగుడి గొంతు ఏదో పోల్చుకోవడానికి ప్రయత్నించిందట. "నన్నెవరూ కొట్టలా మేడం, నాకెందుకు ఒళ్ళు నొప్పులు?" అంది. ఆమె పేరు మీద విడిగా కేస్ షీటు తెరిచాను. మొగుడు వచ్చినా రాకపోయినా ఆమె సోమవారాలు రావాలని చెప్పాను. ఇక్కడో చిన్న ఉక్రోషం రాసుకోవాలి: బాధితుడంటే మగవాడొక్కడే అన్నట్టు ఫారాలు అచ్చువేసింది ఎవరోగానీ వాళ్ళు ఒక్కరోజు ఆ చెట్టు కింద కూర్చోవాలి.

ఆగస్టు 6, బుధవారం

పోలీసు శిక్షణలో ఉన్న కుర్రాళ్ళకి ఒక గంట క్లాసు. 'ఒత్తిడి నిర్వహణ' అని పిలిచారు. చిత్రహింసల గురించి మాట్లాడతానంటే పిలిచేవారు కాదని తెలిసే ఒప్పుకున్నాను.

అరగంట వాళ్ళ ఒత్తిడే విన్నాను. నిద్ర లేని బందోబస్తులు, రద్దయ్యే సెలవులు, పై అధికారి నోటిదురుసు. అన్నీ నిజాలే. ఆ తర్వాత అడిగాను: కొడితే నిజం బయటికొస్తుందని ఎందరు నమ్ముతున్నారు? చేతులు బాగానే లేచాయి. వెనక బెంచీలో ఒకతను, ఇదివరకు హోంగార్డుగా చేసినవాడు, నిష్కర్షగా చెప్పాడు. "నిజం కోసం కాదు మేడం, రికవరీ కోసం. సారు సాయంత్రానికి రికవరీ అడుగుతారు. లేకపోతే మెమో."

ఇంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పదు. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టమే అంది. ఇప్పటి చట్టమూ అదే అంటుంది. అయితే అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది: ముద్దాయి చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే ఆ మేరకు ఆ మాట సాక్ష్యమే. పాతరోజుల్లో 27వ సెక్షన్. వస్తువు దొరికేదాకా కొట్టడానికి చట్టం చెప్పకుండా తెరిచిపెట్టిన తలుపు అది. మా హమాలీ చివరికి బంగారం ఎక్కడో చూపిస్తానన్నాడు. అతని దగ్గర బంగారమే లేదు. కాలువ గట్టు మీద రెండు చోట్ల తవ్వించి, ఏమీ దొరక్క మళ్ళీ తీసుకొచ్చి కొట్టారు.

ఇంగ్లండ్ కథ చెప్పాను. ఐరిష్ బాంబుదాడుల కేసుల్లో ఒప్పించి జైల్లో పెట్టినవాళ్ళు, బర్మింగ్‌హామ్ సిక్స్, గిల్‌ఫర్డ్ ఫోర్, పదిహేనేళ్ళకి అటూఇటూగా నిర్దోషులని తేలి బయటికొచ్చారు. ఆ తలవంపుల తర్వాత 1992లో అక్కడి పోలీసులు ప్రశ్నించే పద్ధతినే మార్చుకున్నారు. ఒప్పించడం మానేసి వివరం రాబట్టడం, మనిషిని మాట్లాడనివ్వడం, అంతా రికార్డు చేయడం. 2021లో హువాన్ మెండెజ్ పేరుతో అంతర్జాతీయ సూత్రాలొచ్చాయి. ఆయన అర్జెంటీనా లాయరు, తనే చిత్రహింసలు అనుభవించినవాడు. కుర్రాళ్ళు శ్రద్ధగా విన్నారు, శ్రద్ధగా విని నమ్మలేదు. వాళ్ళ తప్పేముంది? గంట క్లాసులో నేను చెప్పింది, స్టేషన్లో మొదటి వారంలో హెడ్డుగారు చెప్పేదాని ముందు ఎంత? నివారణ అంటే క్లాసులు అనుకోవడం మాబోటివాళ్ళ సరదా. రికవరీ లెక్కల్ని బట్టి ఎస్సైని మెచ్చుకున్నంత కాలం ఈ క్లాసులు నడుస్తుంటాయి, గోడకుర్చీలూ నడుస్తుంటాయి.

వెళ్ళేముందు ఒకమ్మాయి దగ్గరికొచ్చింది. 2020లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీలో దెబ్బలు తిని చనిపోయిన కేసులో, అదే స్టేషన్‌లోని మహిళా హెడ్ కానిస్టేబుల్ చూసింది చూసినట్టు మెజిస్ట్రేటుకి చెప్పింది. నేను క్లాసులో ఆ మాట ఎత్తాను. "ఆమె ఇప్పుడు ఎలా ఉంది మేడం?" అని అడిగింది. హైకోర్టు రక్షణ ఇమ్మన్నదని చెప్పాను. అమ్మాయి ఇంకా ఏదో అడగబోయి, బయట విజిల్ వేస్తే పరిగెత్తింది.

ఆగస్టు 14, గురువారం

ఆర్డరు వచ్చింది. ఇక స్టేషన్లో సంతకం అక్కర్లేదు, నెలకోసారి కోర్టులో పెడితే చాలు. లాయరమ్మ ఫోన్లో కేకేసింది. అతనికి చెబితే, "ఈ ఆదివారం పోకపోతే పట్టుకోరు గదా?" అని మూడుసార్లు అడిగాడు. కాగితం జెరాక్సు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాం.

రాత్రి షికాగో గురించి చదివాను. జాన్ బర్జ్ అనే పోలీసు కమాండరు, అతని మనుషులు 1972 నుంచి 1991 దాకా వందమందికి పైగా, ఎక్కువమంది నల్లజాతి మగవాళ్ళని, కరెంటు షాకులతో, ఊపిరాడకుండా చేసి నేరాలు ఒప్పించారు. కాలదోషం పట్టి చిత్రహింసలకి శిక్ష పడలేదు, 2011లో అబద్ధపు ప్రమాణం కేసులో పడింది. బాధితులూ తల్లులూ దశాబ్దాలు పోరాడితే 2015లో నగరసభ పరిహార తీర్మానం చేసింది. 55 లక్షల డాలర్లు, క్షమాపణ, కాలేజీ చదువు ఉచితం, ఎనిమిదో తరగతి, పదో తరగతి పిల్లలకి ఇది పాఠం. వీటితోపాటు ఒక కౌన్సెలింగ్ కేంద్రం, 2017లో తెరిచారు. కొట్టిన ఊరే మాన్పే ఖర్చు పెట్టుకోవాలని రాసుకున్నారు.

మన దగ్గర నీలబతి బెహరా కేసులో కొడుకుని కస్టడీలో పోగొట్టుకున్న తల్లికి 1993లో సుప్రీంకోర్టు లక్షా యాభై వేలు ఇప్పించింది. అది పెద్ద తీర్పు, ఆ తర్వాత ఎందరికో దారి చూపింది. నేను చదివిన పరిహారం తీర్పుల్లో మాత్రం వైద్యం ఎవరు చేయించాలి, ఎన్నాళ్ళు అన్న వాక్యం కనబడలేదు. డబ్బు వస్తే అప్పులు తీరతాయి. పెరట్లో కూర్చునే రాత్రుళ్ళ సంగతి?

ఆగస్టు 31, ఆదివారం

కాలనీకి వెళ్ళాను. విముక్త జాతుల దినం. 1871లో వచ్చిన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, 1952లో ఈ రోజున రద్దయింది. ఎరుకలవాళ్ళవంటి తెగల్ని పుట్టుకతోనే నేరస్తులని రాసిన చట్టం. స్టువర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లు దాని కిందే వెలిశాయి.

ఎనభై దాటిన ముసలమ్మ ఒకామె అరుగు మీద కూర్చుని వాళ్ళయ్య రోజులు చెప్పింది. పొద్దున ఒక హాజరీ, రాత్రి ఒక హాజరీ. ఊరు దాటాలంటే చీటీ. మా హమాలీని చూపించి, "వీడిది వారానికోసారే గదమ్మా, అదీ తీసేశారంటగా" అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

వాంగ్మూలం పూర్తయింది. వారణాసి పద్ధతిలో అందరి ముందు చదువుదామా అని అడిగాను. వద్దన్నాడు. "కాలనీలో తెలియనిదెవరికి మేడం? తెలియాల్సింది వీళ్ళకా?" దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఒక కాపీ లాయరమ్మకి, ఒకటి భార్య ట్రంకుపెట్టెలోకి, ఒకటి కర్నూలులో మానవ హక్కుల కమిషన్‌కి రిజిస్టర్డ్ పోస్టు. జరిగిన ఏడాదిలోపు చేరాలి, లేకపోతే విచారణకి తీసుకోరు. మార్చిదాకా టైముంది, కానీ ఆగేది లేదు.

మధ్యాహ్నం ఆడవాళ్ళతో కూర్చున్నాం. మళ్ళీ జీపొస్తే ఏం చేయాలి? బండి నంబరు, టైము, ఎవరెవరొచ్చారు. గొడవపడొద్దు, ఏ స్టేషనో గట్టిగా అడగాలి. 15100కి ఫోన్, లాయరమ్మకి ఫోన్. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందుకు తీసుకురావాలన్న మాట అందరూ కంఠతా పట్టారు. చిన్న నాటకం వేశాం. ఎస్సై వేషం కట్టినామె ఎంత బాగా చేసిందంటే మా హమాలీ లేచి పక్కకి పోయాడు. తుండు చుట్టుకుంటూ కనబడ్డాడు. నాటకం ఆపి టీ పెట్టించాం.

సెప్టెంబర్ 5, శుక్రవారం

పేపర్లో: రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో పదకొండుమంది కస్టడీలో చనిపోయారన్న వార్త చూసి, స్టేషన్లలో సీసీ కెమెరాల సంగతి సుప్రీంకోర్టు నిన్న తనంతట తానే విచారణకి తీసుకుంది. 2020 డిసెంబరులోనే ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టమని, దృశ్యాలు పద్దెనిమిది నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచమని ఆ కోర్టే చెప్పింది. మా కేసులో మార్చి దృశ్యాలు భద్రపరచమని లాయరమ్మ వేసిన అర్జీకి జవాబొచ్చింది: ఆ వారం కెమెరా రిపేరులో ఉంది. ఏ వారం రిపేరుకొస్తుందో కెమెరాకి ముందే తెలుస్తుంది కాబోలు.

అతను వరసగా మూడు ఆదివారాలు ఇంట్లో ఉన్నాడు. వాంతులు లేవు. నిద్ర ఇంకా తెల్లవారుజామునే. యార్డులో మోత కాదు, తూకం దగ్గర సంచులు కుట్టే పని ఇచ్చారు, కూలి తక్కువ.

సెప్టెంబర్ 18, గురువారం

రాత్రి తొమ్మిదింపావుకి భార్య ఫోన్. కాలనీలో పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి తీసుకెళ్ళారు, ఏదో బైకు కేసు. గొంతు వణకలా. బండి నంబరు చెప్పింది, టైము ఎనిమిదీ నలభై అని చెప్పింది, 15100కి అప్పటికే చేశామంది. ఇద్దరు ఆడవాళ్ళు స్టేషను గుమ్మంలో ఉన్నారు, తను మూడోది. మొగుడు రాలా. స్టేషను పేరు వినగానే లోపలికెళ్ళి పడుకున్నాడు. రేపు పొద్దున వస్తాడు, ఆ సంగతి అప్పుడు చూసుకోవాలి.

లాయరమ్మ పదిన్నరకల్లా చేరింది. ముందు అలాంటి వాడెవడూ లేడన్నారట. ఆడవాళ్ళు బండి చూపించారు, గుమ్మం ముందే ఉంది. అప్పుడు ఉన్నాడన్నారు. పావుగంట మాట్లాడనిచ్చారు. చెంపదెబ్బలు తప్ప ఇంకా ఏమీ కాలేదంటున్నాడు. అరెస్టు టైము రిజిస్టర్లో పడింది, సంతకం వాళ్ళ అన్నతో పెట్టించారు.

వైద్యపరీక్ష ఇంకా కాలేదు. రేపు కోర్టుకి తీసుకెళ్ళే ముందు చేయిస్తామంటున్నారు. పరీక్షప్పుడు పోలీసు గది బయట ఉండాలని ఇప్పుడే రాతలో ఇవ్వమని లాయరమ్మకి చెప్పాను. డ్యూటీ డాక్టరు ఎవరో కనుక్కుని ఏడింటికల్లా వెళ్ళాలి.